చెరువు నీళ్లలో గెంతే చుక్కలు: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

కాలవలు కట్టేసే రోజులు వచ్చాయంటే ఈ శీర్షికకు మంచినీళ్ల చెరువుల మీద ఉత్తరాలు మొదలవుతాయి. "నీళ్లలో ఏవో గెంతుతున్నాయండి" అన్న మాట ఈసారి నాలుగైదు ఊళ్ల నుంచి వచ్చింది. ఆ గెంతేవి జంతు ప్లవకాలు, అంటే నీళ్లలో తేలుతూ బతికే అతి చిన్న జీవులు. చెరువులోకి ఎరువుల సారం, మురుగు ఏ మేరకు దిగుతున్నాయో పసిగట్టడానికి అవి బాగా పనికొస్తాయి. కాకపోతే వాటి సాక్ష్యాన్ని ఉన్నదున్నట్టు రాసుకోకూడదు, అడ్డుప్రశ్నలు వెయ్యాలి. ఆ అడ్డుప్రశ్నలేమిటో కింది జవాబుల్లో చూడండి.

పాలకొల్లు దగ్గరి గ్రామం నుంచి ఓ వార్డు సభ్యుడు: మా ఊరి మంచినీళ్ల చెరువును కాలవలు కట్టకముందే నిండా పట్టామండి. నెల తిరిగేసరికి తెల్లవారుజామున రేవు మూలన ఎర్రటి తెర కడుతోంది. చెంబుతో ముంచి చూస్తే కారప్పొడి చల్లినట్టు చిన్న పురుగులు గెంతుతున్నాయి. ఎండెక్కాక కనబడవు. ఆ నీళ్లు తాగొచ్చా? మైలుతుత్తం కొట్టమని కొందరంటున్నారు, కొట్టమంటారా?

జవాబు: మైలుతుత్తం కొట్టకండి. ఎందుకో చెబుతాం, ముందు ఆ ఎరుపు సంగతి చూద్దాం.

మీరు చెప్పిన లక్షణాలు మొయినాకు సరిపోతాయి. ఇది గెంతే చిన్న నీటి జీవి, డాఫ్నియా అనే ప్లవకానికి దగ్గరి చుట్టం. పొడవు మిల్లీమీటరుకు అటూ ఇటూ, ఎక్కువగా లోపే. చేపపిల్లల హేచరీల్లో పనిచేసే వాళ్లనడిగితే ఇట్టే గుర్తుపడతారు. నీళ్లలో ఆక్సిజన్ తగ్గినప్పుడు మొయినా ఒంట్లో హిమోగ్లోబిన్ పెంచుకుంటుంది, మన రక్తంలో ఉండే లాంటిదే. ఒక్కటొక్కటిగా చూస్తే లేత గులాబీ రంగు, లక్షలు గుమిగూడితే ఎర్రటి తెర. రాత్రంతా పాచి, బురద, చేపలు అన్నీ కలిసి ఆక్సిజన్ వాడేస్తాయి. తిరిగి ఇచ్చేది పాచే, అదీ ఎండ వచ్చాకే. అందుకే తెల్లవారుజామున ఆక్సిజన్ బాగా పడిపోయి, మొయినా పైకి వచ్చి రేవు మూలన తెర కడుతుంది. ఆ తెరను చూసి రెండు సంగతులు చెప్పొచ్చు: చెరువులో దానికి తిండి, అంటే సన్న పాచి, బాక్టీరియా దండిగా ఉన్నాయి, రాత్రి వేళ చెరువుకు ఊపిరి ఆడటం లేదు. రెంటికీ మూలం పోషకాలు ఎక్కువవడమే.

ఇక తాగడం. గెంతే జీవులు విషం కావు. ఒకప్పుడు సైక్లాప్స్ అనే మరో రకం ప్లవకం ద్వారా నారికురుపు వచ్చేది. భారతదేశం ఆ జబ్బు నుంచి బయటపడినట్టు 2000లో ప్రకటించారు. శుభ్రమైన నూలు గుడ్డ రెండు మడతలు వేసి వడగడితే ఇవన్నీ గుడ్డ మీదే ఆగిపోతాయి. మామూలు మోతాదు క్లోరిన్‌కు సైక్లాప్స్ అంత తేలిగ్గా చావదు. దాన్ని ఆపాల్సింది ఇసుక ఫిల్టరు. కుళాయి నీళ్లలో గెంతేవి కనబడితే క్లోరిన్ పెంచేకన్నా ఫిల్టరు ఇసుక పరుపు పగిలిందేమో, గోడ పక్కన సందు పడిందేమో చూడండి.

అసలు భయపడాల్సింది ఆకుపచ్చ రంగు డబ్బా ఒంపినట్టు గాలివాటు గట్టున పేరుకునే తెట్టుకు. అది మైక్రోసిస్టిస్ అనే నీలి ఆకుపచ్చ పాచి కావొచ్చు. కొన్ని రకాలు కాలేయాన్ని దెబ్బతీసే విషాన్ని తయారు చేస్తాయి. నీళ్లు మరగబెడితే ఆ విషం పోదు. అలాంటి తెట్టు కనబడిన రోజున ఆ నీళ్లు తాగడం ఆపి, గ్రామీణ నీటి సరఫరా ఇంజినీర్లకు కబురు పెట్టాలి. పశువులను కూడా ఆ గట్టుకు తోలకండి.

మైలుతుత్తం వద్దన్నది ఇందుకే. అది పాచిని ఒక్కసారిగా చంపుతుంది. చచ్చిన పాచి కణాలు పగిలి లోపలి విషం నీళ్లలో కలుస్తుంది, కుళ్లుతూ మిగిలిన ఆక్సిజన్‌ను కూడా మింగేస్తుంది. మైలుతుత్తంలోని రాగి చాలా తక్కువ మోతాదులోనే మొయినా కోవ జీవులను చంపుతుంది. అంటే పాచిని మేసే మందను కూడా మీరే చంపుకున్నట్టు. పోషకాలు మాత్రం ఎక్కడికీ పోవు. కొన్నాళ్లకు పాచి మళ్లీ వస్తుంది, ఈసారి మేసేవాళ్లు ఉండరు.

చెయ్యాల్సింది లోపలికి వచ్చే దారులు మూయడం. ఎంత కొంచెం పడితే ఎంత చేటో లెక్క చూడండి. ఎకరం విస్తీర్ణం, రెండు మీటర్ల లోతు ఉన్న చెరువులో సుమారు 81 లక్షల లీటర్ల నీళ్లు పడతాయి. 50 కిలోల డీఏపీ బస్తాలో ఫాస్ఫరస్ మూలకం లెక్కన దాదాపు 10 కిలోలు. ఆ బస్తాలో పదోవంతు, అంటే 5 కిలోలు చెరువులో కరిగితే లీటరుకు 120 మైక్రోగ్రాములకు పైగా ఫాస్ఫరస్ చేరుతుంది. ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ 1982లో ఇచ్చిన హద్దుల ప్రకారం ఏడాది సగటు లీటరుకు 35 మైక్రోగ్రాములు దాటితే పోషకాలు ఎక్కువైన చెరువు, 100 దాటితే మరీ ముదిరిన చెరువు. పడిన దాంట్లో కొంత బురద పట్టుకుంటుంది, నిజమే. కానీ అడుగున ఆక్సిజన్ లేనప్పుడు అదే బురద దాన్ని తిరిగి నీళ్లలోకి వదులుతుంది. బురద దగ్గర ఫాస్ఫరస్ దాచుకుంటే వడ్డీతో తిరిగొస్తుందని గుర్తుపెట్టుకోండి.

గట్టు పక్క కొబ్బరి తోటలో వేసిన ఎరువు, గేదెల కడుగుడు, రేవులో బట్టల సబ్బు, బాతుల మందలు: ఈ నాలుగూ చూడండి. వీటన్నిటికన్నా ముందు చేపల పాట షరతులు తీసి చదవండి. మంచినీళ్ల చెరువును చేపలకు పాటకిచ్చి, పాడుకున్నవాళ్లు కోళ్ల ఎరువో తవుడో వేస్తుంటే చూస్తూ ఊరుకున్నారంటే మిగతా జాగ్రత్తలన్నీ గాలికే.

రామచంద్రపురం నుంచి ఓ జీవశాస్త్రం టీచరు: హైస్కూలు పిల్లలతో ఊరి చెరువులో జంతు ప్లవకాల లెక్క తీయించాలనుకుంటున్నాను. ఖరీదైన వల కొనలేం. ఏయే సామాను కావాలి, ఎలా చెయ్యాలి?

జవాబు: మాస్టారూ, వల కొననక్కర్లేదు. రాజమండ్రిలోనో కాకినాడలోనో స్క్రీన్ ప్రింటింగ్ సామాను అమ్మే కొట్లో సెంటీమీటరుకు 120 దారాలున్న గుడ్డ అడగండి. దాని కన్ను దాదాపు 50 మైక్రాన్లు. రోటిఫర్లు అనే అతి సన్న ప్లవకాలు ఆగాలంటే అంత సన్నం కావాలి. చాలామంది చున్నీ గుడ్డతో పని కానిచ్చేస్తారు. తడవగానే దాని కన్నులు సాగి, రోటిఫర్లు జారిపోయి, సైక్లాప్స్, మొయినా మాత్రం మిగులుతాయి. పెద్దవే కనబడుతున్నాయి కాబట్టి చెరువు బాగుందని పిల్లలు రాసేస్తారు. గుడ్డ చేసిన తప్పు చెరువు లెక్కలోకి ఎక్కుతుంది.

20 సెంటీమీటర్ల ఇనప రింగుకు అర మీటరు పొడవు గరాటులా కుట్టించండి. కుట్టు అంచు బయటివైపు ఉండాలి, లోపల ఉంటే ఆ మడతలో జీవులు ఇరుక్కుంటాయి. కింది కొసకు వెడల్పు మూతి ప్లాస్టిక్ సీసాను దారంతో బిగించండి.

నీళ్లు తీసే వేళ ఉదయం ఆరు నుంచి ఎనిమిది లోపు, ప్రతిసారీ అదే వేళ. ఎండెక్కేకొద్దీ చాలా జీవులు కిందికి దిగిపోతాయి. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తే చాలంటాం కదా, ఇక్కడ ఆ మాట చెల్లదు. జీవులు గాలి తోసిన మూలకు, నీడ ఉన్న చోటుకు గుంపులుగా చేరతాయి. అందుకని అయిదు చోట్ల పది లీటర్ల బకెట్టు ఒక్కొక్కటి ముంచి, మొత్తం 50 లీటర్లు వలలో పొయ్యండి. రేవు ఒకటి, తూము దగ్గర ఒకటి, మిగతా మూడు వీలైనంత లోపల. బకెట్టు అడుగు బురదకు తగలకూడదు. నీళ్లు బాగా పచ్చగా ఉంటే సగంలోనే వల కన్నులు పూడుకుపోయి నీళ్లు రింగు మీంచి పొర్లుతాయి. అలా పొర్లిందంటే ఆ లెక్క పారేసి, 20 లీటర్లతో మళ్లీ మొదలుపెట్టి, ఆ సంగతి నోటుబుక్కులో రాయించండి. చివర్లో వలను కడిగేటప్పుడు నీళ్లు బయటివైపు నుంచే కొట్టాలి. లోపల పోస్తే ఆ నీళ్లలోని జీవులు కూడా లెక్కలో చేరతాయి.

సీసాలోకి దిగినదాన్ని 20 మిల్లీలీటర్లకు తెచ్చుకోండి. నమూనా చెడకుండా వేసే ఫార్మలిన్ తగలగానే రోటిఫర్లు ఒళ్లు ముడుచుకుని ఉండలా అయిపోతాయి, పోల్చుకోవడం కష్టం. ముందుగా వాటిని మత్తులో పెట్టాలి. దానికి కిళ్లీ కొట్లో దొరికే సాదా సోడా చాలు. చల్లటిది 25 మిల్లీలీటర్లు పోసి అయిదు నిమిషాలు ఆగండి. తర్వాత మార్కెట్లో అమ్మే ఫార్మలిన్ 5 మిల్లీలీటర్లు. మొత్తం 50 అయింది. అందులో 2 గ్రాముల పంచదార వెయ్యండి. పంచదార లేకపోతే మొయినా, డాఫ్నియా కోవ జీవుల పెంకులు ఉబ్బి తెరుచుకుని, వీపు మీది సంచిలోని గుడ్లు జారిపోతాయి. ఫార్మలిన్ పని మీరే, చేతికి తొడుగుతో, ఆరుబయట చెయ్యండి, పిల్లల చేతికి ఇవ్వొద్దు. అది వద్దనుకుంటే అదే రోజు లెక్కపెట్టేలా చూసుకుని, నమూనాలో కొన్ని చుక్కల టింక్చర్ అయొడిన్ వేసుకోండి, కదలికలు ఆగుతాయి.

వడగట్టింది 50 లీటర్లు, మిగిల్చింది 50 మిల్లీలీటర్లు అని సమానంగా పెట్టడంలో ఒక సుళువుంది. ఒక మిల్లీలీటరులో ఎన్ని కనబడితే చెరువులో లీటరుకు అన్ని ఉన్నట్టు, వేరే గుణకారం అక్కర్లేదు. 20 లీటర్లే వడగడితే మాత్రం వచ్చిన అంకెను రెండున్నరతో హెచ్చించాలి.

లెక్కకు సెడ్జ్‌విక్ రాఫ్టర్ పలక, అంటే కొలత ప్రకారం గుంట ఉన్న పలక కావాలి. 50 మిల్లీమీటర్ల పొడవు, 20 వెడల్పు, 1 లోతు, సరిగ్గా ఒక మిల్లీలీటరు పడుతుంది. సీసాను గిరగిర తిప్పకండి, బరువైనవి ఒక పక్కకు పోతాయి. మెల్లగా తలకిందులు చేస్తూ కలిపి, మూతి కత్తిరించిన డ్రాపరుతో తీసుకోండి. సన్న మూతి డ్రాపరులోకి పెద్ద సైక్లాప్స్ ఎక్కదు. మొయినాలు నీటి పైపొరకు అతుక్కుని తేలుతుంటే సబ్బునీటి చుక్క ఒక్కటి వేస్తే మునుగుతాయి. సూక్ష్మదర్శినిలో 4, 10 రెట్ల కటకాలు చాలు. 40 రెట్ల కటకం దించారో, మందంగా ఉన్న ఈ పలకకు తగిలి గాజు పగులుతుంది. పిల్లలు తప్పకుండా దించుతారు, ముందే తిప్పి పక్కన పెట్టండి.

ఒక్క పలకతో సరిపెట్టకండి. మొత్తం మీద 100 జీవులను లెక్కపెడితే అంకెలో 20 శాతం అటూ ఇటూ ఉంటుంది, 200 లెక్కపెడితే 14 శాతం. మూడు నాలుగు పలకలు చూసి సగటు తీస్తే నమ్మకంగా ఉంటుంది.

దీంతోపాటు అదే రోజు పదింటికీ రెండింటికీ మధ్య నీటి తేటదనం కూడా కొలవండి. 20 సెంటీమీటర్ల స్టీలు పళ్లేన్ని నాలుగు భాగాలు చేసి నలుపు తెలుపు రంగులు వేసి, అడుగున రాయి కట్టి, తాడుతో దించడమే. కనుమరుగైన లోతు, పైకి లాగుతుంటే మళ్లీ కనబడిన లోతు, రెంటి సగటు తీసుకోండి. కార్ల్‌సన్ అనే శాస్త్రవేత్త 1977లో ఇచ్చిన పోషకాల సూచిక ప్రకారం 2 మీటర్లకు 50, 1 మీటరుకు 60, అర మీటరుకు 70, పావు మీటరుకు 80. లోతు సగమైనప్పుడల్లా సూచిక పది పెరుగుతుంది. 50 దాటితే పోషకాలు ఎక్కువైనట్టు. గోదారి ఎర్రనీళ్లు వచ్చే రోజుల్లో మాత్రం ఈ కొలత దేనికీ పనికిరాదు. పళ్లెం కనబడనిది ఒండ్రు వల్ల, పాచి వల్ల కాదు.

అమలాపురం నుంచి డిగ్రీ విద్యార్థిని: మా ప్రాజెక్టు చెరువులో లీటరుకు సైక్లోపాయిడ్లు (సైక్లాప్స్ కోవ) 90, వాటి చుట్టాలైన కలనాయిడ్లు 6, మొయినా 45, నాప్లియస్‌లు (ఈ రెండు కోవల గుడ్ల నుంచి వచ్చిన పిల్లలు) 210 వచ్చాయి. రోటిఫర్లలో బ్రాకియోనస్ ఏడు జాతులు, ట్రైకోసెర్కా ఒకటి. బ్రాకియోనస్‌కూ ట్రైకోసెర్కాకూ నిష్పత్తి 7 కాబట్టి చెరువు బాగా కలుషితమైందని రాయొచ్చా? లీటరుకు ఇన్ని ఉంటే కలుషితం అనే హద్దు ఏదైనా ఉందా?

జవాబు: రెండో ప్రశ్నకు జవాబు చిన్నదమ్మా: లేదు. అన్ని చెరువులకూ చెల్లే అంకె ఎవరూ ఇవ్వలేరు. చేప రైతులు 50 లీటర్లు వడగట్టి ఎన్ని మిల్లీలీటర్లు తేలిందని చూస్తారు చూడండి, అది కూడా ఇక్కడ పనికిరాదు. అందులో పాచి ఎంతో, జంతువులు ఎంతో తెలియదు. లెక్కకన్నా ఎవరెవరున్నారన్నది ముఖ్యం. అంతకన్నా, గత నెలతో పోలిస్తే ఎవరు వచ్చారు, ఎవరు పోయారన్నది ముఖ్యం.

ఇక నిష్పత్తి. దీన్ని 1983లో చెకోస్లోవేకియా శాస్త్రవేత్త స్లాదెచెక్ ప్రతిపాదించారు. ఒకటి లోపు ఉంటే పోషకాలు తక్కువ, ఒకటి నుంచి రెండు మధ్యస్థం, రెండు దాటితే ఎక్కువ. మీరు జీవుల సంఖ్యను కాక జాతుల సంఖ్యను తీసుకున్నారు, అది సరైన పద్ధతి. చాలామంది అక్కడే తప్పుతారు. అయితే మీ ఏడు జాతులను మళ్లీ ఒకసారి చూడండి. బ్రాకియోనస్ కాలిసిఫ్లోరస్‌ను ముళ్లున్నది ఒక జాతి, ముళ్లు లేనిది ఇంకో జాతి అని రాశారా? దాన్ని వేటాడే ఆస్‌ప్లాంక్నా అనే పెద్ద రోటిఫర్ నీళ్లలో ఉంటే, కాలిసిఫ్లోరస్ తల్లికి ఆ వాసన తగిలి, పుట్టే పిల్లలకు వెనక పక్క ముళ్లు పొడుగ్గా వస్తాయి. అమ్మకు లేని ముళ్లు బిడ్డకు ఉంటాయి, జాతి మాత్రం ఒకటే. మీ నమూనాలో సంచిలా పారదర్శకంగా, పెంకు లేకుండా ఉండే ఆస్‌ప్లాంక్నా ఉందేమో వెతకండి. ఉంటే ఏడు ఆరో అయిదో అవుతుంది.

ఇంకో సంగతి. ఆ హద్దులు చలి దేశపు నీళ్లలో కట్టినవి. బ్రాకియోనస్ వేడి నీళ్లను ఇష్టపడే ప్రజాతి, మన డెల్టా చెరువుల్లో ఏ కాలుష్యం లేకపోయినా రెండు మూడు జాతులు మామూలే. పైగా ట్రైకోసెర్కా ఒక్కటి కూడా దొరక్కపోతే భాగహారమే కుదరదు. అందుకని ఈ నిష్పత్తిని ఒకే చెరువును నెలనెలా పోల్చుకోవడానికి వాడండి. ఒక్కరోజు వచ్చిన 7ను పట్టుకుని తీర్పు రాయకండి.

మీ అంకెల్లో మాకు ఎక్కువ నచ్చిన సాక్ష్యం కలనాయిడ్లది. కలనాయిడ్ల సంఖ్యను సైక్లోపాయిడ్లు, మొయినా కోవ జీవుల మొత్తంతో భాగించండి: 6ను 135తో, అంటే 0.04. తేటనీళ్లలో పలచగా ఉన్న తిండిని ఏరుకుని తినడంలో కలనాయిడ్లది పైచెయ్యి. పోషకాలు పెరిగి పాచి చిక్కబడితే సైక్లోపాయిడ్లు, చిన్న మొయినాలు, రోటిఫర్లు వాటిని వెనక్కి నెడతాయి. నాప్లియస్‌లను విడిగా రాయడం మంచి పని చేశారు. వాటిని పెద్దవాటితో కలిపేస్తే సైక్లోపాయిడ్లు మూడింతలై లెక్క తలకిందులయ్యేది. కానీ ఆరు కలనాయిడ్లు ఒకే పలకలో చూసినవైతే ఇంకో మూడు పలకలు చూడండి. ఆరు అన్నది రెండూ కావొచ్చు, పదకొండూ కావొచ్చు.

గుర్తుపట్టడానికి: కలనాయిడ్ మీసాలు ఒంటి పొడవుకు సాటి వస్తాయి, ఆడదానికి గుడ్ల సంచి ఒకటే. సైక్లోపాయిడ్ మీసాలు పొట్టివి, గుడ్ల సంచులు రెండు, రెండు పక్కలా వేలాడుతూ ఉంటాయి. బ్రాకియోనస్ ముళ్ల అంచున్న కూజాలా ఉంటుంది. ట్రైకోసెర్కా వంగిన గొట్టంలా ఉండి తోక చివర సూది లాంటి ముల్లు సాగి ఉంటుంది.

తీర్పు రాసేముందు నాలుగు అనుమానాలు తీర్చుకోండి. ఒకటి, చేపలు: పెద్ద ప్లవకాలు లేవంటే బొచ్చె చేపలు తినేసి ఉండొచ్చు. రెండు, ఉప్పు: మీది సముద్రం దగ్గరి సీమ. నీళ్లలో కరిగిన లవణాలను చూపే టీడీఎస్ పెన్నుతో చూసి, లీటరుకు రెండు మూడు గ్రాములు దాటితే ఆ బ్రాకియోనస్ ప్లికాటిలిస్ కావొచ్చు. అది ఉప్పునీటి జాతి, అది గుంపులుగా ఉంటే ఉప్పు చేరిందనే అర్థం. కాలిసిఫ్లోరస్‌కు ముందంచున నాలుగు ముళ్లు, ప్లికాటిలిస్‌కు రంపపు పళ్లలా ఆరు. మూడు, పురుగుమందు: మొయినా కోవ జీవులు రాత్రికి రాత్రి మాయమై, రోటిఫర్లు మాత్రం మిగిలితే పక్క వరి చేలో ఏ మందు కొట్టారో అడగండి. నాలుగు, ఒండ్రు: ఎర్రనీళ్లలో కూడా రోటిఫర్లదే రాజ్యం. ఈ నాలుగూ కాదని తేలాకే పోషకాల మీద నేరం మోపండి. మొత్తం ఫాస్ఫరస్ పరీక్ష ఒక్కటి జోడిస్తే మీ ప్రాజెక్టుకు బలం వస్తుంది. ప్లవకాలు పరీక్షకు బదులు కావు. పరీక్ష ఎప్పుడు, ఎక్కడ చేయించాలో చెబుతాయి.

ఆకివీడు నుంచి ఓ చేప రైతు: మా చెరువులో మొయినా కళకళలాడుతుంటే సంబరపడతాం. మీరేమో దాన్ని కాలుష్యానికి గుర్తు అంటున్నారు. ఏది నిజమండి?

జవాబు: రెండూ నిజమే. మీరు పేడ, సూపర్ ఫాస్ఫేట్ వేసేదే చెరువును పచ్చగా చేసి, ఆ పచ్చదనాన్ని మొయినాగా, మొయినాను బొచ్చె కండగా మార్చడానికి. ఆ పని జరుగుతోందనడానికి మొయినా గుర్తు. అదే గుర్తు మంచినీళ్ల చెరువులో కనబడితే ఎవరూ కోరకుండానే అక్కడ ఎరువు పడుతోందని అర్థం.

కాకపోతే మీ చెరువు ప్లవకాలను చూసి పోషకాల స్థాయి చెప్పడం కష్టం, ఎందుకంటే అక్కడ లెక్క తేల్చేది చేప నోరు. బొచ్చె పైపొరలో పెద్ద ప్లవకాలను ఏరి మేస్తుంది. చేపపిల్లల విడుదల సాంద్రత ఎక్కువైతే ఎంత ఎరువు వేసినా మొయినా నిలవదు, రోటిఫర్లే మిగులుతాయి. మేసేది తగ్గేసరికి పాచి చిక్కబడుతుంది. ఎరువు సరిపోలేదేమో అని ఇంకో బస్తా వేస్తే తెల్లవారుజామున చేపలు నోళ్లు పైకెత్తుతాయి. మొయినా తగ్గినప్పుడు ముందు నీటి రంగు చూడండి. చిక్కటి ఆకుపచ్చగా ఉండి మొయినా లేకపోతే లోటు ఎరువుది కాదు.

చేపపేనుకు మందు కొట్టిన వారంలో కూడా మొయినా కనబడదు. పేను, మొయినా, రొయ్య అన్నీ ఒకే వర్గం (క్రస్టేషియా) బంధువులు, పేనును చంపే మందు మొయినాను వదలదు. ఆ వారం ప్లవకాలు లేవని ఎరువు పెంచితే మేసే జీవి లేని చెరువులో పాచికి విందు పెట్టినట్టే. ఇంకో మాట, మీరు చెరువు ఖాళీ చేసేటప్పుడు చివరి అడుగు నీళ్లలోనే బురద, ఫాస్ఫరస్ ఎక్కువ. ఆ నీళ్లను సూటిగా డ్రెయిన్‌లోకి కాకుండా పక్క చెరువులోకో వరి చేలోకో మళ్లిస్తే మీ ఎరువు డబ్బులు మీ పొలంలోనే ఉంటాయి.

కైకలూరు నుంచి పరిశోధక విద్యార్థి: కొల్లేరులో నమూనాలు ఎక్కడ తియ్యాలి? గుర్రపుడెక్క మధ్య తీసినదానికీ బయట తీసినదానికీ పొంతన కుదరడం లేదు.

జవాబు: కుదరదు, కుదరకూడదు కూడా. మొక్కల వేళ్లనూ కాడలనూ పట్టుకుని బతికే రోటిఫర్లు వేరు: లెకేన్, లెపడెల్లా లాంటివి. కైడోరస్, అలోనా లాంటి చిన్న గుండ్రటి జీవులూ అంతే. గుర్రపుడెక్క వేళ్లు కదిపి ముంచిన బకెట్టులో ఇవి నిండుగా వస్తాయి, జాతుల సంఖ్య అమాంతం పెరుగుతుంది. దాన్ని చూసి ఆ చోటు ఆరోగ్యంగా ఉందని రాసిన వ్యాసాలకు కొదవలేదు. మొక్క ఉంది కాబట్టి ఆ జాతులున్నాయి, అంతే. తెరిచిన నీటి నమూనాలను తెరిచిన నీటితోనే పోల్చండి, మొక్కల మధ్యవి వేరే పట్టికలో పెట్టండి.

కొల్లేరు 2002లో రామ్‌సర్ జాబితాలో, అంటే అంతర్జాతీయ ప్రాముఖ్యం ఉన్న చిత్తడి నేలల జాబితాలో చేరింది. కానీ నీళ్ల లెక్కలో అది ఒకటే సరస్సు కాదు. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు దిగే పక్క ఒక రకం, చేపల చెరువుల డ్రెయిన్లు కలిసే చోట ఒక రకం, ఉప్పుటేరు మొగ దగ్గర మరో రకం. ఒక్కోచోట కనీసం రెండు స్థానాలు ఎంచుకోండి. డ్రెయిన్ నోటి దగ్గర ఒకటి, అక్కణ్నుంచి సరస్సు లోపలికి అర కిలోమీటరుకు ఒకటి చొప్పున వరసగా తీస్తే పోషకాల జాడ స్పష్టంగా కనబడుతుంది: నోటి దగ్గర బ్రాకియోనస్, ఫిలీనియా అనే మరో రోటిఫర్, సైక్లోపాయిడ్లు, లోపలికి పోయేకొద్దీ కలనాయిడ్లు పెరుగుతున్నాయా లేదా చూడండి. ఉప్పుటేరు పక్క వేసవిలో సముద్రపు నీరు ఎదురెక్కుతుంది కాబట్టి అక్కడ లవణీయత కొలవకుండా ఒక్క సీసా కూడా నింపకండి. వరద దిగిన రెండు మూడు వారాల దాకా ఎక్కడ తీసినా కొట్టుకొచ్చిన జీవులే దొరుకుతాయి, ఆ నమూనాలను కాలుష్యం లెక్కలో కలపకండి.

రావులపాలెం నుంచి ఓ పాఠకురాలు: మా ఇంటి ముందు పంట కాలవలో ఇదే పరీక్ష చేస్తే మురుగు కలుస్తోందో లేదో తెలుస్తుందా?

జవాబు: తెలియదమ్మా. కాలవ పారుతుంది. ప్లవకాలు ఒకచోట నిలబడి పిల్లల్ని పెట్టాలంటే నీళ్లు కనీసం కొన్ని రోజులు నిలవాలి. రోటిఫర్లకు రెండు మూడు రోజులు చాలు, సైక్లాప్స్ కోవకు ఆరు నాప్లియస్ దశలు దాటి ఎదగడానికి వారాలు పడుతుంది. పారే కాలవలో దొరికేవి ఎగువ నుంచి కొట్టుకొచ్చినవే, వాటి సాక్ష్యం మీ ఇంటి ముందు సంగతి చెప్పదు. కాలవలో రాళ్లకు, లాకు గోడలకు పట్టిన పాచినీ, అడుగు బురదలోని ఎర్ర పురుగులనూ చూడాలి. కాలవ కట్టేశాక గుంటల్లో నిలిచిన నీళ్లలో చూడొచ్చు కానీ, అప్పుడు ఎండకు ఆవిరై చిక్కబడిన నీళ్లు ఎలాగూ మురుగులాగే కనబడతాయి.

భీమవరం నుంచి ఓ పాఠకుడు: నమూనాలు కాకినాడ తీసుకెళ్లి చూపించాలి. సీసాలో ఎన్నాళ్లు నిలవుంటాయి? లేబుల్ చెరిగిపోతోంది.

జవాబు: ఫార్మలిన్‌లో మూత గట్టిగా ఉంటే ఏళ్ల తరబడి ఉంటాయి, మూత వదులైతే నెలల్లోనే ఆవిరైపోతాయి. ప్రయాణానికి మూత చుట్టూ టేపు చుట్టి, సీసాను కవర్లో పెట్టి, నిలబెట్టి తీసుకెళ్లండి. లేబుల్‌ను బయట అతికించడంతోపాటు ట్రేసింగ్ పేపరు ముక్క మీద పెన్సిల్‌తో రాసి సీసా లోపల కూడా వెయ్యండి. బాల్ పెన్ను, స్కెచ్ పెన్ను సిరా ఫార్మలిన్‌లో కరిగిపోతుంది, పెన్సిల్ గీత పోదు. చెరువు పేరు, స్థానం, తేదీ, వేళ, ఎన్ని లీటర్లు వడగట్టారు, వల కన్ను ఎంత: ఈ ఆరూ ఉండాలి. చివరి రెండూ లేని సీసాను మళ్లీ లెక్కపెట్టినా లీటరుకు ఎన్నో తేలదు. పని అయ్యాక ఫార్మలిన్ నీళ్లను మాత్రం చెరువులోనో కాలవలోనో పారబొయ్యకండి. మూతపెట్టి ఉంచి ల్యాబ్‌కే తిరిగి ఇవ్వండి.